జర్మన్ డ్రై రీస్లింగ్

రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష రసాన్ని, అందులోని చక్కెర దాదాపు మిగలకుండా పులియబెట్టి జర్మనీలో తయారుచేసే వైన్‌ను జర్మన్ డ్రై రీస్లింగ్ అంటారు. సీసా మీద 'ట్రోకెన్' అనే మాట దీనికి గుర్తు. చురుకైన పులుపు, పండ్ల, పూల సువాసనలు, కొత్త ఓక్ చెక్క వాసన సోకని తేట రుచి, పండిన నేలను బట్టి మారిపోయే స్వభావం దీని ప్రధాన లక్షణాలు. జర్మన్ వైన్ అనగానే తియ్యటి వైన్ గుర్తుకురావడం విదేశాల్లో ఇప్పటికీ మామూలే. అయితే ఆ దేశపు నాణ్యత వైన్‌లో దాదాపు సగం ట్రోకెన్ తరగతికే చెందుతుంది.

జర్మనీ ద్రాక్షతోటల మొత్తం విస్తీర్ణం సుమారు 1,03,000 హెక్టార్లు. అందులో 24,000 హెక్టార్ల దాకా రీస్లింగే. ప్రపంచంలోని రీస్లింగ్ తోటల్లో రమారమి 40 శాతం ఈ ఒక్క దేశంలోనే ఉన్నాయి.

నిర్వచనం: 'ట్రోకెన్' అంటే ఎంత తీపి?

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ పని ముగిశాక వైన్‌లో మిగిలిపోయేది శేష చక్కెర. లీటరుకు 4 గ్రాములలోపు శేష చక్కెర ఉన్న వైన్‌ను ట్రోకెన్ అనవచ్చు. ఆమ్లం తగినంత ఉంటే ఈ పరిమితి 9 గ్రాముల వరకు పెరుగుతుంది. షరతు ఒక్కటే: చక్కెర అంకె ఆమ్లం అంకెను 2 గ్రాములకు మించి దాటకూడదు. లీటరుకు 8 గ్రాముల చక్కెర, 6.5 గ్రాముల ఆమ్లం ఉన్న వైన్ ట్రోకెన్ అవుతుంది. అదే 8 గ్రాముల చక్కెరకు ఆమ్లం 5.5 గ్రాములే ఉంటే కాదు. పులుపు తీపిని కప్పేస్తుందన్నది ఈ లెక్క వెనుక ఉన్న ఆలోచన. రీస్లింగ్‌లో సహజంగానే లీటరుకు 7 నుంచి 9 గ్రాముల ఆమ్లం ఉండటం మామూలు కాబట్టి, ఈ సడలింపు ఆ ద్రాక్షకు బాగా కలిసివస్తుంది.

దీని పై మెట్టు 'హాల్బ్‌ట్రోకెన్', అంటే సగం డ్రై. దాని పరిమితి 12 గ్రాములు, తగిన ఆమ్లం ఉంటే 18 గ్రాములు. 'ఫైన్‌హెర్బ్' అనే మరో మాట కూడా లేబుళ్ల మీద కనిపిస్తుంది. స్వల్పంగా తియ్యగా ఉండే వైన్‌కు దాన్ని వాడతారు గాని, దానికి చట్టం అంకెలతో హద్దు గీయలేదు.

ద్రాక్ష రకం

రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం. దీని కాండం గట్టిది, శీతకాలపు చలికి తట్టుకుంటుంది. గుత్తులు చిన్నవి, పండ్లు కూడా చిన్నవే. 1990లలో జరిగిన జన్యు పరీక్షలు 'హొయ్‌నిష్' అనే పాత తెల్లద్రాక్ష దీనికి ఒక జనకమని తేల్చాయి. ఫ్రాన్స్‌లో ఆ రకాన్ని 'గువే బ్లాం' అంటారు. రెండో జనకం అడవి ద్రాక్షకు, ట్రామినర్ రకానికి పుట్టిన సంకరమై ఉంటుందని భావిస్తున్నారు.

మధ్య ఐరోపాలో విస్తారంగా పండే వెల్ష్‌రీస్లింగ్ పేరులో మాత్రమే దీనికి చుట్టం. రెండింటికీ జన్యు సంబంధం లేదు. అసలు రీస్లింగ్ జర్మనీ బయట ఫ్రాన్స్‌లోని అల్సాస్, ఆస్ట్రియాలోని వాహావ్, ఆస్ట్రేలియాలోని క్లేర్, ఈడెన్ లోయలు, అమెరికాలోని వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లో పేరు తెచ్చుకుంది. భారతదేశంలో నాశిక్‌కు చెందిన సులా వైన్‌యార్డ్స్ కూడా ఈ రకంతో వైన్ తయారుచేసింది.

చరిత్ర

*తొలి ఆధారాలు, మఠాల తోటలు*

రీస్లింగ్ పేరు తొలిసారి కనిపించేది ఒక ఖర్చుల పద్దులో. 1435 మార్చి 13 తేదీతో, రైన్ సమీపంలోని ర్యూసెల్స్‌హైమ్‌లో, కాట్సెన్‌ఎల్న్‌బోగెన్ ప్రభువు తోటలో నాటేందుకు కొన్న రీస్లింగ్ తీగలకు 22 షిల్లింగులు రాసి ఉంది. పద్దు రాసిన ఉద్యోగి క్లౌస్ క్లైన్‌ఫిష్. వైన్ చరిత్రకారులు ఈ తేదీనే రీస్లింగ్ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

అంతకు మూడు శతాబ్దాల ముందే, 1136లో, రైన్‌గౌ ప్రాంతంలో సిస్టర్షియన్ సన్యాసులు ఎబర్‌బాఖ్ మఠాన్ని స్థాపించి ద్రాక్షసాగును పెద్ద ఎత్తున చేపట్టారు. వాళ్ల ష్టైన్‌బెర్గ్ తోట చుట్టూ కట్టిన రాతిగోడ నేటికీ నిలిచి ఉంది. అయితే మధ్యయుగపు తోటల్లో అనేక రకాల తీగలు కలగలిసి పెరిగేవి. పూర్తిగా రీస్లింగ్‌కే కేటాయించిన పెద్ద తోటగా పేరు తెచ్చుకున్నది యోహానిస్‌బెర్గ్. ఫుల్డా మఠాధిపతి 1716లో ఆ కొండను కొన్నాడు. 1720లో అక్కడ లక్షల సంఖ్యలో రీస్లింగ్ తీగలు నాటించాడు.

ఆలస్యపు కోత గురించి ప్రచారంలో ఉన్న ఐతిహ్యమూ యోహానిస్‌బెర్గ్‌దే. కోతకు అనుమతి తీసుకుని ఫుల్డా నుంచి రావలసిన వార్తాహరుడు 1775లో చాలా రోజులు ఆలస్యంగా వచ్చాడనీ, ఈలోగా బూజుపట్టి కుంచించుకుపోయిన ద్రాక్షతో చేసిన వైన్ అద్భుతంగా కుదిరిందనీ చెబుతారు. ఆ వార్తాహరుడి విగ్రహం కోట ఆవరణలో ఉంది. మోజెల్ లోయలో మార్పు రాజాజ్ఞతో వచ్చింది. ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్‌ట్సెస్లౌస్ 1787లో నాసిరకం తీగలను పీకించి మేలురకాలు నాటాలని ఆదేశించాడు. ఆ లోయలో రీస్లింగ్ వ్యాప్తికి అది దారితీసింది.

*19వ శతాబ్దం*

నెపోలియన్ యుద్ధాల కాలంలో మఠాల ఆస్తులు ప్రభుత్వాల, ప్రభువుల చేతికి వెళ్లాయి. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి యోహానిస్‌బెర్గ్ ఎస్టేట్‌ను మంత్రి మెట్టర్నిఖ్‌కు ఇచ్చాడు. దిగుబడిలో పదో వంతు హాబ్స్‌బర్గ్ వంశానికి చెల్లించాలన్నది షరతు. రైన్ వైన్‌కు ఇంగ్లండ్‌లో 'హాక్' అనే పేరు స్థిరపడింది. హోఖ్‌హైమ్ ఊరి పేరు దానికి మూలం. విక్టోరియా రాణి 1845లో ఆ ఊరి తోటలను చూసింది. తర్వాత అక్కడి ఒక తోటకు ఆమె పేరే పెట్టారు.

ఆ శతాబ్దం రెండో సగంలో మేలైన రైన్, మోజెల్ వైన్‌లు బోర్డో వైన్‌లతో సమానంగా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ ధరకు అమ్ముడయ్యేవి. ప్రష్యా ప్రభుత్వం పన్ను విధింపు కోసం తోటలను విలువల వారీగా రంగులు వేసి పటాలు గీయించింది. రైన్‌గౌ పటం 1867లో, మోజెల్ పటం 1868లో వెలువడ్డాయి. ఏ వాలు మంచిదో నిర్ణయించేటప్పుడు నేటి నిర్మాతలు కూడా ఈ పటాలనే సాక్ష్యంగా చూపిస్తారు. అప్పటి వైన్‌లు చాలాభాగం పీపాల్లో ఏళ్ల తరబడి నిలిచి, చక్కెర పూర్తిగా పులిసి, డ్రైగానో అందుకు దగ్గరగానో తయారయ్యేవి.

అదే కాలంలో, పండని ద్రాక్షరసంలో చక్కెర, నీళ్లు కలిపే పద్ధతి వ్యాపించింది. ట్రియర్‌కు చెందిన లుడ్విగ్ గాల్ దాన్ని ప్రచారం చేశాడు. చేదోడుగా వచ్చిన ఈ పద్ధతి చిన్న రైతులను ఆదుకుంది గాని, చక్కెర కలపని నిర్మాతలు దాన్ని వ్యతిరేకించారు. వాళ్లు తమ వైన్‌ను 'నాటూర్‌వైన్' అని పిలుచుకున్నారు. అలాంటి నిర్మాతల వేలం సంఘాలన్నీ 1910లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. అదే నేటి వీడీపీ. గద్ద బొమ్మ దాని చిహ్నం. సభ్య ఎస్టేట్లు సుమారు 200.

*తీపి వైన్‌ల కాలం*

20వ శతాబ్దం తొలి దశకాల్లో ఈస్ట్‌ను పూర్తిగా వడకట్టగల ఫిల్టర్లు వచ్చాయి. బాట్ క్రొయ్‌ట్స్‌నాఖ్‌లోని సైట్జ్ కంపెనీ వాటికి ప్రసిద్ధి. ఇక వైన్‌ను తీపిగానే సీసాలో నింపినా మళ్లీ పులుస్తుందన్న భయం లేకుండా పోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, పులియని తీపి రసాన్ని విడిగా దాచి, సీసాల్లో నింపే ముందు వైన్‌లో కలపడం మామూలైంది.

1971 వైన్ చట్టం ఈ ధోరణిని బలపరిచిందని విమర్శకులు అంటారు. నాణ్యతను రసంలోని చక్కెర పాలుతోనే కొలవాలని ఆ చట్టం నిర్ణయించింది. 'నాటూర్‌వైన్' అనే మాటను తొలగించింది. సుమారు 30,000 ఉన్న తోటపేర్లను 2,600 దాకా కుదించింది. ప్రసిద్ధమైన చిన్న వాలు పేరు చుట్టుపక్కల మామూలు పొలాలకు కూడా వర్తించింది. త్వరగా పండి ఎక్కువ దిగుబడినిచ్చే మ్యూల్లర్-తుర్గౌ రకం 1970లలో విస్తీర్ణంలో రీస్లింగ్‌ను దాటేసింది. రీస్లింగ్ తిరిగి మొదటి స్థానానికి చేరింది 1990ల మధ్యలో.

ఎగుమతి మార్కెట్లను ముంచెత్తింది లీబ్‌ఫ్రౌమిల్ష్. వోర్మ్స్ నగరంలోని ఒక చర్చి చుట్టూ ఉన్న తోటల వైన్‌కు మొదట ఉన్న ఈ పేరు క్రమంగా చవక, తీపి మిశ్రమాలకు మారుపేరైంది. 1985లో ఆస్ట్రియా వైన్‌లలో డైఇథైలీన్ గ్లైకాల్ కల్తీ బయటపడింది. కొన్ని జర్మన్ సీసాల్లో కూడా అది దొరకడంతో జర్మన్ వైన్ పరువు మరింత దిగజారింది.

*డ్రై వైన్ తిరిగిరావడం*

1980లలో జర్మన్ వినియోగదారులే ముందుగా ట్రోకెన్ వైపు మళ్లారు. కానీ తీపి తీసేసిన తొలి వైన్‌లు చాలావరకు పలుచగా, పళ్లు పులిసేంత ఘాటుగా ఉండేవి. సరిగా పండని ద్రాక్ష పులుపును దాచడానికి తీపి లేకపోవడమే కారణం. భోజనంతో కలిసే డ్రై రీస్లింగ్ కావాలంటే దిగుబడి తగ్గించాలనీ, మంచి వాలులో బాగా పండిన ద్రాక్షనే వాడాలనీ కొందరు నిర్మాతలు పట్టుబట్టారు. రైన్‌గౌలో బెర్న్‌హార్డ్ బ్రొయర్ తదితరులు 1984లో 'షార్టా' అనే సంఘాన్ని ఏర్పాటుచేశారు. దాని సీసాల మీద రోమనెస్క్ శైలి జంట కమాను ముద్ర ఉంటుంది.

ఈ ప్రయత్నమే తర్వాత తోటల వర్గీకరణగా ఎదిగింది. హెస్సె రాష్ట్రం 1999లో రైన్‌గౌ మేలి వాలులకు 'ఎర్స్టెస్ గెవెక్స్' అనే గుర్తింపునిచ్చింది. వీడీపీ 2002లో 'గ్రోసెస్ గెవెక్స్' తరగతిని ప్రవేశపెట్టింది (చూడండి: వర్గీకరణ, లేబుళ్లు).

ప్రాంతాలు, నేలలు

జర్మనీలో 13 వైన్ ప్రాంతాలున్నాయి. డ్రై రీస్లింగ్‌కు ముఖ్యమైనవి రైన్ నది, దాని ఉపనదుల వెంట ఉన్నాయి. 50వ ఉత్తర అక్షాంశం యోహానిస్‌బెర్గ్ కొండ మీదుగా సాగుతుంది. ఇంత ఉత్తరాన ద్రాక్ష పండాలంటే దక్షిణానికి తిరిగిన వాలు, వేడిని దాచుకునే రాతినేల, వెలుతురును తిప్పి పంపే నది కలిసిరావాలి.

*రైన్‌గౌ.* సుమారు 3,200 హెక్టార్ల చిన్న ప్రాంతం. మూడు వంతులకు పైగా రీస్లింగే. రైన్ ఇక్కడ పడమరకు తిరగడంతో తోటలు దక్షిణాభిముఖంగా వరుసతీరాయి. కొండల మీద క్వార్ట్‌జైట్, పలకరాయి, నది దగ్గర ఒండ్రు, లోయస్ (గాలికి కొట్టుకొచ్చిన మెత్తని మట్టి) నేలలున్నాయి. ర్యూడెస్‌హైమ్‌లోని ష్లోస్‌బెర్గ్, కీడ్రిఖ్‌లోని గ్రేఫెన్‌బెర్గ్ పేరున్న తోటలు.

*ఫాల్ట్స్.* రీస్లింగ్ విస్తీర్ణంలో దేశంలోనే ముందున్న ప్రాంతం, సుమారు 6,000 హెక్టార్లు. హార్ట్ కొండలు వానను అడ్డుకోవడంతో వాతావరణం పొడిగా, వెచ్చగా ఉంటుంది. ప్రధానంగా ఇసుకరాయి నేలలు. ఫోర్స్ట్ గ్రామంలోని పెఖ్‌ష్టైన్ తోటలో మాత్రం నల్లని బసాల్ట్ రాళ్లు కనిపిస్తాయి. వైన్‌లు నిండుగా, పండుదనంతో ఉంటాయి.

*రైన్‌హెస్సెన్.* దేశంలోకెల్లా పెద్ద వైన్ ప్రాంతం, సుమారు 27,000 హెక్టార్లు. ఒకప్పుడు లీబ్‌ఫ్రౌమిల్ష్‌కు పుట్టిల్లు. నేడు డ్రై రీస్లింగ్‌కు ముందువరుస ప్రాంతాల్లో ఒకటి. నీర్‌ష్టైన్ వద్ద ఎర్రమట్టి వాలు, వెస్ట్‌హోఫెన్ వద్ద సున్నపురాయి నేలలు ప్రసిద్ధం. వెస్ట్‌హోఫెన్‌లోని మోర్‌ష్టైన్ తోటతో విట్‌మన్, కెల్లర్ ఎస్టేట్ల పేర్లు ముడిపడి ఉన్నాయి.

*నాహె.* సుమారు 4,200 హెక్టార్లు. అగ్నిశిలలు, పలకరాయి, ఇసుకరాయి, గులకరాళ్లు దగ్గర దగ్గరగా మారుతూ ఉంటాయి. నీడర్‌హౌజెన్ గ్రామంలోని హెర్మాన్స్‌హ్యోలె తోట, ఒబర్‌హౌజెన్‌కు చెందిన డ్యోన్‌హోఫ్ ఎస్టేట్ ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చాయి.

*మోజెల్.* సుమారు 8,500 హెక్టార్లలో అరవై శాతానికి పైగా రీస్లింగ్. సార్, రువర్ ఉపనదుల లోయలూ ఇందులోవే. దాదాపు 40 కోట్ల ఏళ్లనాటి డెవోనియన్ పలకరాయి నేలలో నీలి, బూడిద, ఎరుపు రంగుల్లో పరుచుకుని ఉంటుంది. తక్కువ ఆల్కహాల్‌తో తియ్యగా ఉండే వైన్‌లకు మోజెల్ పేరు తెచ్చుకున్నా, విన్నింగెన్‌లో హైమన్-ల్యోవెన్‌ష్టైన్, ప్యూండెరిఖ్‌లో క్లెమెన్స్ బుష్, సార్‌లో వాన్ ఫోల్క్సెమ్ వంటి ఎస్టేట్లు డ్రై శైలి మీద దృష్టిపెట్టాయి.

బ్రెమ్ గ్రామంలోని కాల్మోంట్ తోట ఐరోపాలోని అత్యంత నిటారైన తోటల్లో ఒకటి. వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా ఉంటుంది. ఇలాంటి మోజెల్ వాలుల్లో సంప్రదాయంగా ఒక్కో తీగను విడిగా ఒక్కో గుంజకు కట్టి, రెండు కొమ్మలను హృదయాకారంలో వంచుతారు. పనివాడు తీగ చుట్టూ ఏ వైపు నుంచైనా తిరగడానికి ఇది వీలు కల్పిస్తుంది. ట్రాక్టరు ఎక్కలేదు కాబట్టి పళ్లపట్టా మీద నడిచే ఒంటిపట్టాల బండిలో మనుషులను, ద్రాక్ష బుట్టలను పైకీ కిందికీ చేరవేస్తారు. చదును తోటతో పోలిస్తే హెక్టారుకు పట్టే పనిగంటలు అనేక రెట్లు ఎక్కువ.

తయారీ

కోత మామూలుగా సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు వరకు సాగుతుంది. మేలి తోటల్లో ద్రాక్షను చేత్తోనే కోస్తారు. తీపి వైన్‌లకు వరమైన బోట్రైటిస్ బూజు డ్రై వైన్‌కు అంతగా పనికిరాదు. అది తేనె, ఎండుపండ్ల వాసనలతో తేట రుచిని కప్పేస్తుంది. అందుకే బూజుపట్టిన పండ్లను ఏరి వేరుచేస్తారు.

రసం చిక్కదనాన్ని 'ఎక్స్‌లె' డిగ్రీల్లో కొలుస్తారు. ఫోర్ట్స్‌హైమ్‌కు చెందిన ఫెర్డినాండ్ ఎక్స్‌లె పేరు మీద ఏర్పడిన కొలత ఇది. లీటరు రసం లీటరు నీటికన్నా ఎన్ని గ్రాములు బరువో అన్ని డిగ్రీలు. 90 డిగ్రీల రసం పూర్తిగా పులిస్తే సుమారు 12 శాతం ఆల్కహాల్ వస్తుంది.

కొందరు గుత్తులను అలాగే నొక్కి రసం తీస్తారు. మరికొందరు చిదిమిన ద్రాక్షను కొన్ని గంటలు తొక్కతో కలిపి నానబెడతారు. తొక్కలో ఉండే సువాసన పదార్థాలు రసంలోకి దిగుతాయి. పులియబెట్టేది స్టీలు ట్యాంకుల్లో, లేదా పాత ఓక్ పీపాల్లో. రైన్‌గౌ పీపా 'ష్ట్యుక్' 1,200 లీటర్లు పడుతుంది. మోజెల్ పీపా 'ఫూడర్' 1,000 లీటర్లు. పాత పీపాలు కావడంతో చెక్క వాసన వైన్‌కు అంటదు గాని, సన్నని రంధ్రాల గుండా కొద్దిపాటి గాలి తగులుతుంది. డైడెస్‌హైమ్‌లోని ఫోన్ విన్నింగ్ వంటి ఎస్టేట్లు చిన్న పీపాలు, కొత్త చెక్క కూడా వాడి భిన్నమైన దారి తొక్కాయి.

ప్రయోగశాల ఈస్ట్ వాడితే కిణ్వనం సాఫీగా, ఊహించినట్టు నడుస్తుంది. తోటలోను, గిడ్డంగిలోను సహజంగా ఉండే ఈస్ట్‌కే వదిలేస్తే నెలలు పట్టవచ్చు, మధ్యలో ఆగిపోనూవచ్చు. రుచికి లోతు వస్తుందని నమ్మే నిర్మాతలు ఆ ప్రమాదానికి సిద్ధపడతారు. మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మార్చే రెండో కిణ్వనాన్ని రీస్లింగ్‌లో సాధారణంగా జరగనివ్వరు. ఈ ద్రాక్షకు జీవం ఆ పులుపే. తర్వాత వైన్‌ను ఈస్ట్ మడ్డి మీద కొన్ని నెలలు ఉంచి, వడకట్టి సీసాల్లో నింపుతారు.

వర్గీకరణ, లేబుళ్లు

జర్మన్ లేబుల్ మీద రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. మొదటిది 1971 చట్టం తెచ్చిన ప్రెడికాట్ వరుస: కాబినెట్, ష్పేట్‌లేజె, ఔస్‌లేజె, బేరెన్‌ఔస్‌లేజె, ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె, ఐస్‌వైన్. ఇవి కోత సమయంలో ద్రాక్ష ఎంత పండిందో చెబుతాయి. సీసాలోని తీపిని సూచించవు. ఈ తేడా తెలియకపోతే తికమక తప్పదు. 'ష్పేట్‌లేజె ట్రోకెన్' అంటే బాగా పండిన ద్రాక్షతో చేసిన డ్రై వైన్. 'ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె' మాత్రం అన్నిటికన్నా తియ్యని వైన్. అందులో ట్రోకెన్ అన్నది ఎండి ముడుచుకున్న పండ్లకు సంబంధించిన మాట. ప్రెడికాట్ వైన్‌లలో రసానికి చక్కెర కలపడం నిషిద్ధం.

రెండో పద్ధతి తోటను బట్టి నడిచేది. వీడీపీ 2012లో దాన్ని నాలుగు మెట్లుగా స్థిరపరిచింది. ఎస్టేట్ వైన్ 'గూట్స్‌వైన్', గ్రామం వైన్ 'ఓర్ట్స్‌వైన్', మేలి తోట 'ఎర్స్టె లాగె', అత్యుత్తమ తోట 'గ్రోసె లాగె'. చివరి మెట్టు తోటలో పండిన డ్రై వైన్‌ను గ్రోసెస్ గెవెక్స్ అంటారు. వాడుకలో 'జీజీ'. హెక్టారుకు 50 హెక్టోలీటర్లకు మించి దిగుబడి ఉండకూడదు, కోత చేత్తోనే జరగాలి. రీస్లింగ్ జీజీలు కోత తర్వాతి ఏడాది సెప్టెంబరు 1కి ముందు మార్కెట్లోకి రాకూడదు.

జీజీ సీసాను చేతిలోకి తీసుకుంటే ఈ నియమాలు కంటికి కనిపిస్తాయి. మూత కప్పు మీద గద్ద బొమ్మ ఉంటుంది. ద్రాక్షగుత్తితో కలిసిన 'జీజీ' అక్షరాలు గాజులోనే ఉబ్బెత్తుగా ఉంటాయి. ముందు లేబుల్ మీద ఊరి పేరు ఉండదు, తోట పేరు మాత్రమే. కాబినెట్, ష్పేట్‌లేజె వంటి మాటలు కూడా ఉండవు. వీడీపీ వాటిని తియ్యని వైన్‌లకే పరిమితం చేసింది. నాణ్యత వైన్ సీసాలన్నిటి మీదా ఒక అధికారిక పరీక్ష సంఖ్య ఉంటుంది. ప్రభుత్వ పరీక్షకులు రుచి చూసి, రసాయన విశ్లేషణ సరిచూసి ఇచ్చేది ఇది.

చట్టం కూడా ఈ దిశలోనే కదిలింది. 2021 సవరణ ప్రకారం ప్రాంతం, ఉపప్రాంతం, గ్రామం, తోట అనే వరుసలో, చోటు ఎంత చిన్నదైతే నాణ్యత అంత ఎక్కువగా ఉండాలి. పాత లేబుళ్లకు 2025 పంట వరకు గడువిచ్చారు.

రుచి, సువాసన, నిల్వ

లేత డ్రై రీస్లింగ్‌లో నిమ్మ, ఆకుపచ్చ యాపిల్, పీచ్, ఆప్రికాట్, తెల్లని పూల వాసనలు మామూలు. వీటికి మూలం మోనోటెర్పీన్లు అనే సువాసన పదార్థాలు. పీహెచ్ విలువ 3 ప్రాంతంలో ఉంటుంది. తెల్ల వైన్‌లలో ఇది గట్టి పులుపు. ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 13 శాతం.

ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని సీసాల్లో కిరసనాయిలును తలపించే వాసన వస్తుంది. ద్రాక్ష తొక్కలోని కెరొటినాయిడ్లు విడిపోగా ఏర్పడే టీడీఎన్ అనే పదార్థం దీనికి కారణం. గుత్తుల మీద ఎండ ఎక్కువగా పడితే ఇది పెరుగుతుంది. ముదిరిన రీస్లింగ్‌లో దాన్ని ఇష్టపడేవాళ్లు ఎక్కువ. లేత వైన్‌లోనే గుప్పుమంటే లోపంగా లెక్కిస్తారు.

మామూలు ట్రోకెన్ వైన్‌ను కొన్న ఏడాది రెండేళ్లలో తాగేయవచ్చు. మంచి సంవత్సరపు జీజీ పదేళ్లు, అంతకు పైగా నిలుస్తుంది. అధిక ఆమ్లం, తక్కువ పీహెచ్ దానికి రక్ష.

వడ్డన, భోజనంతో పొత్తు

తేలికపాటి వైన్‌లను 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర, జీజీలను 10 నుంచి 12 డిగ్రీల దగ్గర వడ్డిస్తారు. ఇంకా చల్లబరిస్తే సువాసన అణగిపోయి పులుపే మిగులుతుంది. ట్రౌట్ వంటి నది చేపలు, వసంతంలో వచ్చే తెల్ల ఆస్పరాగస్, పంది మాంసం, మేకపాల చీజ్ జర్మనీలో దీనికి అలవాటైన జోడీలు. వెన్న, క్రీమ్ ఉన్న వంటకాల జిడ్డును ఈ పులుపు కోసేస్తుంది.

కారం విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. మిరపకాయ మంటను ఆల్కహాల్ పెంచుతుంది, తీపి తగ్గిస్తుంది. అందుకే బాగా కారంగా ఉండే ఆసియా వంటకాలకు 13 శాతం జీజీ కన్నా ఆల్కహాల్ తక్కువగా ఉండే ఫైన్‌హెర్బ్ లేదా తియ్యని కాబినెట్ నప్పుతుందని వైన్ నిపుణులు సలహా ఇస్తారు.

మార్కెట్, గుర్తింపు

ఏటా ఆగస్టు చివర్లో వీస్‌బాడెన్‌లో కొత్త జీజీలను వ్యాపారులకు, విలేకరులకు రుచి చూపించే కార్యక్రమం జరుగుతుంది. ట్రియర్, బాట్ క్రొయ్‌ట్స్‌నాఖ్‌లలో వేలాలు నడుస్తాయి. డ్రై రీస్లింగ్‌లలో అత్యధిక ధర పలికేవాటిలో కెల్లర్ ఎస్టేట్ తయారుచేసే 'జీ-మాక్స్' ఒకటి. అది ఏ తోట ద్రాక్షతో తయారవుతుందో నిర్మాత వెల్లడించలేదు.

జర్మనీ బయట ఆదరణ పెంచడంలో రచయితలు, సోమెలియర్ల (రెస్టారెంట్లలో వైన్ ఎంపిక చేసే నిపుణుల) పాత్ర ఉంది. బెర్లిన్‌లో ఏళ్లపాటు నివసించిన బ్రిటిష్ రచయిత స్టువార్ట్ పిగోట్ ఈ ద్రాక్ష గురించి దశాబ్దాల పాటు రాశాడు. న్యూయార్క్‌లో సోమెలియర్ పాల్ గ్రీకో 2008లో 'సమ్మర్ ఆఫ్ రీస్లింగ్' అనే ప్రచారం మొదలుపెట్టాడు. అతని బార్‌లో ఆ వేసవంతా గ్లాసుల లెక్కన అమ్మిన తెల్ల వైన్ రీస్లింగ్ ఒక్కటే.

వివాదాలు

*వర్గీకరణ అధికారం.* జీజీ తోటలను నిర్ణయించింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు సంఘం. సభ్యులు కాని మంచి నిర్మాతలకు అన్యాయం జరుగుతోందన్నది విమర్శ. తోటల చరిత్ర, పాత పటాలు, కఠిన నియమాలు తమ నిర్ణయాలకు ఆధారమని వీడీపీ అంటుంది.

*తీపి శైలి భవితవ్యం.* డ్రై వైన్‌కే పెద్దపీట వేయడంతో, మరే దేశంలోనూ అంత చక్కగా రాని తేలికైన, సన్నని తీపి మోజెల్ శైలి వెనకబడుతోందని కొందరి ఆందోళన. దేశీయ వినియోగదారులు కోరేది డ్రైనే అన్నది నిర్మాతల వాదన.

*'మినరల్' రుచి.* పలకరాయి నేల వైన్‌లో రాయి రుచి, బసాల్ట్ నేల వైన్‌లో పొగ వాసన ఉంటాయని రుచి పరీక్షకులు వర్ణిస్తారు. తీగ వేళ్లు పీల్చే ఖనిజాలు రుచి తెలిసేంత మోతాదులో వైన్‌లోకి రావని భూగర్భశాస్త్రవేత్తలు అంటారు. నేలల మధ్య తేడా రుచిలో కనిపిస్తుందన్నదాన్ని చాలామంది ఒప్పుకుంటారు. దానికి నీటి లభ్యత, వేడి, నేల ఆమ్లత, ఈస్ట్‌కు అందే నత్రజని వంటి పరోక్ష కారణాలు ఉండవచ్చని పరిశోధకుల అంచనా.

వాతావరణ మార్పు

పాత తరాల నిర్మాతలకు ద్రాక్ష పండుతుందా లేదా అన్నదే బెంగ. దశాబ్దానికి రెండు మూడు మంచి సంవత్సరాలు వస్తే గొప్ప. 1980ల చివరి నుంచి ఉష్ణోగ్రతలు పెరగడంతో దాదాపు ఏటా పూర్తిగా పండిన ద్రాక్ష దొరుకుతోంది. కోత వారాల కొద్దీ ముందుకు జరిగింది. నిండైన డ్రై రీస్లింగ్ నేడు సాధ్యమవుతున్నదంటే నిర్మాతల పట్టుదలతో పాటు ఈ వేడి కూడా కారణం.

మరోవైపు నష్టాలూ ఉన్నాయి. 2003, 2018, 2022 వంటి ఎండ సంవత్సరాల్లో నీటి ఎద్దడి, పండ్లు ఎండకు కమిలిపోవడం సమస్యలయ్యాయి. ఆమ్లం పడిపోకుండా కాపాడుకోవడం కొత్త బెంగ. తీగలు ముందుగా చిగురించడంతో వసంతపు మంచు దెబ్బ పెరిగింది. 2024 ఏప్రిల్ మంచుకు సార్, రువర్ లోయలు బాగా నష్టపోయాయి. సున్నాకు 7 డిగ్రీల దిగువన గడ్డకట్టిన ద్రాక్షతో చేసే ఐస్‌వైన్ 2019 పంటలో తగిన చలి రాక కుదరలేదు. ఒకప్పుడు చలి ఎక్కువని వదిలేసిన పక్కలోయలు, ఎత్తయిన వాలులకు ఇప్పుడు గిరాకీ వచ్చింది.

1872లో మొదలైన గైజెన్‌హైమ్ సంస్థ నేడు విశ్వవిద్యాలయంగా ఈ సమస్యల మీద పనిచేస్తోంది. అక్కడి ఒక తోటలో రీస్లింగ్ తీగల చుట్టూ వలయాకారంలో ఫ్యాన్లు అమర్చి, ఆరుబయటే కార్బన్ డయాక్సైడ్‌ను మామూలు స్థాయికన్నా సుమారు 20 శాతం ఎక్కువగా ఉంచుతున్నారు. ఈ శతాబ్దం మధ్యనాటికి రాగల గాలిలో తీగ ఎదుగుదల, దిగుబడి, రసంలోని చక్కెర, ఆమ్లాలు ఎలా మారతాయో ఆ ప్రయోగంలో 2014 నుంచి కొలుస్తున్నారు.